పెట్రోలు బంకు దగ్గర కాదు

మధ్యాహ్నం భోజనం దగ్గర మావయ్య సగంలో లేచి చెయ్యి కడిగేసుకున్నారు. కోడలు అన్నది ఒక్క మాటే. "రేపు పొద్దున ఇంజినీరమ్మ వస్తుంది మావయ్యా. నిజం చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పి, కొట్టుకి తాళం వేసి అందరం వీధిన పడదాం," అని ఆయన వాకిట్లోకి వెళ్ళి కూర్చున్నారు.

"కోపమొస్తే పస్తుండే మనిషైతే ఈపాటికి ఆ పొట్ట కరిగిపోయేది. ఆయనే వస్తారులే," అంటూ అత్తయ్య కంచం మీద మూత పెట్టింది.

ఇల్లు రహదారి పక్కనే. ఇంటి ముందు టైర్ల కొట్టు, దాని ముందు రేకుల షెడ్డు, షెడ్డు దాటగానే మలుపు. రెండేళ్ళ కిందట ఆ కొట్లోంచే మోటారు సైకిలు మీద రోడ్డెక్కిన కోడలి భర్తను మలుపు తిరిగి వచ్చిన లారీ గుద్దేసింది; అక్కడికక్కడే పోయాడు. గుమ్మానికి అరవై అడుగులు కూడా లేదు. కానీ పోలీసు కాగితంలో జరిగిన చోటు 'పెట్రోలు బంకు దగ్గర' అని ఉంది. బంకు అక్కడికి రెండు కిలోమీటర్లు. అలా రాయించింది మావయ్యే. కొట్టుకి చెడ్డపేరు వస్తుందని చేశారనుకుని ఆమె పళ్ళబిగువున ఊరుకుంది.

ఇప్పుడు ఊరుకోలేకపోయింది. కిందటి వారం అదే మలుపులో ఒక పాల వ్యాను బడి బస్సును రాసుకుంటూ పోయింది. ఆమె కూతురు అప్పటికే బస్సు దిగి నాలుగడుగులు వేసింది కాబట్టి సరిపోయింది. మర్నాడు వచ్చిన రోడ్ల ఇంజినీరమ్మ, "మూడేళ్ళలో ఒకేచోట ఐదు పెద్ద ప్రమాదాలుంటే ఈ ఏడాదే మలుపు సరిచేస్తాం. మా కాగితాల్లో నాలుగే ఉన్నాయమ్మా," అంది. ఐదోది ఎవరిదో కోడలికి తెలుసు.

కంచం పట్టుకుని ఆమె వాకిట్లోకి వెళ్ళింది. "కొడుకుకంటే కొట్టు ఎక్కువైందా మావయ్యా?"

ఆయన షెడ్డు వైపు చెయ్యి చూపించారు.

"కొట్టు కాదమ్మా... ఆ షెడ్డు. ఎండ పడుతోందని రేకులు ముందుకి జరిపించింది నేను. 'నాన్నా, వచ్చే లారీ కనపడట్లేదు' అన్నాడు వాడు. హారను వినపడుతుందిలేరా అన్నాను. ఇక్కడే అని రాస్తే ఎవరో వచ్చి కొలుస్తారు. కొలిస్తే షెడ్డే అడ్డమని తేలిపోతుంది. ఆ తర్వాత నీ మొహం ఎలా చూడను..."

ఆమెకు కోపమే వచ్చింది. అయితే అది రెండేళ్ళుగా మోసిన కోపం కాదు. ఈ మనిషి ఆ షెడ్డు కిందే రోజూ టైర్లు విప్పుతూ కూర్చున్నాడని, ఎవరికీ చెప్పుకోలేదని తలుచుకుంటే ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. కంచం ఆయన ఒళ్ళో పెట్టింది.

"తినండి. రేపు నేను చెప్పను. మీరే చెప్పాలి."

పొద్దున ఇంజినీరమ్మ కాగితాలు తీయకముందే ఆయన ఎదురెళ్ళారు. "రాసుకోండమ్మా. బంకు దగ్గర కాదు, ఇక్కడ. మా అబ్బాయి. నా షెడ్డు అడ్డొచ్చి లారీ కనపడలేదు."

ఇంజినీరమ్మ కాగితాలు తీసింది. ఎందుకు దాచారని అడగలేదు. తేదీ మాత్రం అడిగి రాసుకుంది. "పాత కాగితం నేను దిద్దిస్తాను. పని మొదలవడానికి ఆరు నెలలైనా పడుతుంది పెద్దాయనా."

"రేకులు విప్పడానికి మీ దాకా ఎందుకమ్మా?"

ఇంజినీరమ్మ బండి కదలగానే ఆయన స్పానరు తీసుకుని నిచ్చెనెక్కారు. కోడలు నిచ్చెన పట్టుకుంది. తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన రాలేదు. నాలుగో రేకు కిందికి దిగేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది.

"కనపడుతోందా అమ్మాయ్?"

ఆమె కొట్టు గడపలో, భర్త మోటారు సైకిలు ఎక్కే చోట నిలబడి చూసింది. మలుపుకి అవతల, ఎక్కడో దూరంగా, ఒక లారీ వస్తోంది.

"కనపడుతోంది మావయ్యా. చాలా దూరం నుంచే."