వజ్రబాహుడి తులాభారం

ఇక్షుపురి రాజ్యంలో ఎటు చూసినా చెరకు తోటలే. ఆ రాజ్యాన్ని ఏలే సుధన్వ మహారాజుకు ఇద్దరు బిడ్డలు. పెద్దది హేమవల్లి, రెండోవాడు వజ్రబాహుడు. పేరు చూసి మోసపోకండి పిల్లలూ! వజ్రం సంగతి దేవుడెరుగు, ఆ బాహువులు మాత్రం నేతి బొబ్బట్లలా మెత్తగా ఉండేవి.

అందులో అతడి తప్పు సగమే. మిగతా సగం ఆ రాజ్యపు ఆచారానిది. ఏటా మాఘ పౌర్ణమినాడు, యువరాజు పుట్టినరోజున, తులాభారం జరిగేది. పెద్ద త్రాసులో ఒక పళ్ళెంలో యువరాజు కూర్చుంటే, ఇంకో పళ్ళెంలో బెల్లం దిమ్మలు పేర్చేవారు. అతడు ఎన్ని మణుగులు తూగితే అన్ని వందల మణుగుల బెల్లం రాజుగారి కొట్లలోంచి తీసి జనానికి పంచేవారు.

జనానికి ఆశ ఉండదూ? యువరాజు వీధిలోకి వస్తే చాలు, ఒక గుమ్మంలో అరిసె, ఇంకో గుమ్మంలో సున్నుండ సిద్ధంగా ఉండేవి. "తిను చిన్నదొరా, ఈ ఏడు ఇంకో మణుగు తూగాల!" అని ప్రేమగా నోట్లో కుక్కేవారు. వజ్రబాహుడు మెతక మనసువాడు. ఎవరినీ నొప్పించలేక అన్నీ తినేవాడు. తులాభారం అయ్యాక పళ్ళెంలోంచి లేవలేక అవస్థ పడుతుంటే, హేమవల్లి నవ్వుతూ వచ్చి చెయ్యి అందించేది. ఇద్దరు భటులు వెనకనుంచి తోసేవారు. అలా బయటపడేవాడు.

పద్దెనిమిదో పుట్టినరోజున యువరాజు పదమూడు మణుగులు తూగాడు. జనం కేరింతలు కొట్టారు. సరిగ్గా అప్పుడే ఆకాశం నల్లబడి, గండశిలుడనే రాక్షసుడు సభ మధ్యలోకి దిగాడు.

"రాజా! నీ కూతుర్ని నాకిచ్చి పెళ్ళి చెయ్!" అని గర్జించాడు.

రాజు సింహాసనం దిగి రెండడుగులు వెనక్కి వేశాడు. హేమవల్లి మాత్రం బెదరలేదు. "ఎప్పుడైనా అద్దంలో మొహం చూసుకున్నావా? బండరాయికి మీసాలు మొలిచినట్టున్నావు. నీకు పిల్లనెవరిస్తారు?" అంది.

సభంతా ఘొల్లుమంది. రాక్షసుడికి ఒళ్ళు మండిపోయింది. "నన్ను రాయంటావా? అయితే నువ్వే రాయివైపో!" అని చెయ్యి విసిరాడు.

హేమవల్లి పాదాలు నల్లగా మారాయి. "తమ్ముడూ!" అని ఆమె త్రాసు వైపు చెయ్యి చాచింది. వజ్రబాహుడు గొలుసులు పట్టుకుని లేవబోయాడు. పళ్ళెం ఊగింది కానీ అతడు లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ కూలబడ్డాడు. అక్కకూ తనకూ మధ్య నాలుగడుగుల దూరం కూడా లేదు. అతడి కళ్ళముందే ఆ చాచిన చెయ్యి కూడా రాయైపోయింది.

"మా మంత్రాలకో దరిద్రం ఉంది," అన్నాడు గండశిలుడు విసుగ్గా. "విరుగుడు చెప్పకపోతే మంత్రం పట్టదు. వినండి. ఈ రాతిని నిట్టకొండ మీద పెడతాను. దీన్ని ఎత్తుకుని, ఎక్కడా కింద పెట్టకుండా ఏడు వందల మెట్లు దిగి, కొండ కింద పారే వెన్నేటి నీళ్ళలో దీని పాదాలు తడపాలి. ఆ పని తోడబుట్టినవాడే చెయ్యాలి. రాయి మాత్రం ఎత్తేవాడు ఎంత బరువుంటే అంతే బరువు ఉంటుంది. వచ్చే మాఘ పౌర్ణమి దాటితే ఇది ఎప్పటికీ రాయే. ముందే విరిగిందా, మంత్రం తిరిగి నాకే తగులుతుంది."

ఆ చివరి మాట అంటూనే వాడు పళ్ళెంలో ఉన్న యువరాజును చూసి పడీ పడీ నవ్వాడు. తర్వాత రాతిబొమ్మను చంకన పెట్టుకుని ఎగిరిపోయాడు.

మర్నాడే వజ్రబాహుడు పదహారుమంది మోసే పల్లకీలో నిట్టకొండకు బయలుదేరాడు. కొండ మొదట్లో రెండు బండల మధ్య సన్నటి సందు ఉంది. మెట్లకు దారి అదొక్కటే. యువరాజు అందులోకి దూరాడు, సగంలో ఇరుక్కుపోయాడు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

బండ మీద ఎండ కాచుకుంటున్న ఉడుము ఒకటి తల తిప్పి చూసింది. "అయ్యా, మా సందు పుట్టిన్నాటినుంచీ ఇంతే. తమరే కాస్త పెరిగినట్టున్నారు," అంది.

ఆ గొడవకు పక్కనున్న గుడిసెలోంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె పేరు ఓబులవ్వ. ఒకప్పుడు రాజుగారి మల్లయోధులకు సాము నేర్పిన మనిషి. చెంబుడు ఆముదం యువరాజు మీద కుమ్మరించి, పల్లకీ బోయీల చేత కాళ్ళు పట్టి లాగించి, అతణ్ణి బయటపడేసింది.

"ఏమబ్బీ, యాడికి పోతాండావు ఈ ఒళ్ళేసుకోని?" అంది.

వజ్రబాహుడికి దుఃఖం ఆగలేదు. ఆముదం కారుతున్న మొహంతోనే జరిగిందంతా చెప్పాడు. "అవ్వా, అక్క చెయ్యి చాచింది. నేను లేవలేకపోయాను," అని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఓబులవ్వ అతడి మొహం మీది ఆముదం తుడిచింది. తర్వాత, "ఏడ్చింది సాలు గానీ, లెక్క ఇను," అంది. "నువ్వు బరువు తగ్గితే ఆ రాయీ తగ్గుతాది. నువ్వు బలం పెంచుకుంటే నీ బరువు నువ్వే మొయ్యగలవు. రెండూ కావాల. ఏడాది ఉండాది. పల్లకీని ఇంటికంపెయ్."

ఆమె గుడిసె ముందు, సాము చేసే గరిడీలో ఏడు గుండ్రటి రాళ్ళు వరసగా ఉన్నాయి. మొదటిది కొబ్బరికాయంత. ఏడోదాని పేరు దున్నపోతు గుండు, బరువు ఎనిమిది మణుగులు. యువరాజుకు ఓపిక ఎక్కడిది? రెండో రోజే, ఓబులవ్వ నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి, నేరుగా ఏడో గుండు మీద పడ్డాడు. గుండు కదల్లేదు కానీ నడుము కలుక్కుమంది. పది రోజులు గడ్డిపరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు.

లేచాక ఇంకో తెలివైన ఆలోచన వచ్చింది. తిండి పూర్తిగా మానేశాడు. మూడో రోజున కొబ్బరికాయ గుండు చేతిలో ఉండగానే కళ్ళు తిరిగి పడిపోయాడు.

ఓబులవ్వ మొహాన నీళ్ళు కొట్టి తిట్టింది. "కడుపు మాడ్చుకుంటే కండ యాడనుంచి వస్తాదిరా? కొవ్వుకంటే ముందు అదే కరుగుతాది. మితంగా తిను, వేళకు తిను, వేళకు పండుకో. అంతకుమించి మంత్రమేం లేదు."

అప్పటినుంచి రాగిసంగటి, ఉలవచారు, ఆకుకూర, పల్చటి మజ్జిగ. పొద్దున్నే ఏటిగట్టు వెంబడి నడక. తర్వాత దండీలు, బస్కీలు. మొదటి రోజు గుంజ పట్టుకుని ఐదు బస్కీలు తీసి, మర్నాడు కింద కూర్చోలేక నిలబడే సంగటి తిన్నాడు. ఓబులవ్వ మాత్రం గడప మీద కూర్చుని గట్టిగా లెక్క పెట్టేది. అతడు మధ్యలో ఆగితే ఆమె లెక్క కూడా ఆగేది, కానీ చూపు కదిలేది కాదు. ఆ చూపుకు జడిసి ఇంకొకటి తీసేవాడు.

"నడుముతో ఎత్తాకు, కాళ్ళతో లెయ్యి. రాయిని దూరంగా పట్టుకోవద్దు, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు అదుముకో," అని రోజూ అదే పాఠం చెప్పేది.

వానలు పడేనాటికి మూడో గుండు భుజాన్నెక్కింది. నాలుగోది మాత్రం మొండికేసింది. భాద్రపదమంతా అతడి బరువూ తగ్గలేదు, ఆ గుండూ లేవలేదు. "ఇంక నావల్ల కాదవ్వా," అన్నాడు ఒకరోజు. "మొదటి రోజు ఐదు బస్కీలు నీవల్ల అయినాయా?" అందామె. ఆ పూట అతడు మళ్ళీ గరిడీలోకి దిగాడు.

ఆ మధ్యలోనే ఇక్షుపురినుంచి కుమ్మరి వీరమ్మ బుట్టెడు అరిసెలతో వచ్చింది. యువరాజును చూసి గుండెలు బాదుకుంది. "ఎంత సిక్కిపోయినావు దొరా! ఇట్లా అయితే తులాభారం నాడు మా గతేంది? పిల్లోళ్ళు బెల్లం కోసరం ఏడాదంతా ఎదురుసూస్తా ఉంటారు."

అరిసెల వాసనకు వజ్రబాహుడి నోరూరింది. వద్దంటే వీరమ్మ బాధపడుతుంది, తింటే తెల్లారేసరికి బుట్ట ఖాళీ అవుతుంది. తనను తాను ఎరిగినవాడు కనుక ఒకే ఒక అరిసె తీసుకుని, నెమ్మదిగా కొరికి, కళ్ళు మూసుకుని తిన్నాడు. మిగతావి దారినపోయే పశులకాపరులకు పంచేశాడు. "వీరమ్మా, మీ పిల్లల బెల్లం తగ్గనివ్వను. అది నా పూచీ," అన్నాడు. ఎలాగో అప్పటికి అతడికే తెలియదు.

కార్తీకంలో నాలుగోది లేచింది. పుష్యంలో ఆరోది. మాఘ పౌర్ణమి ఇంకా ఐదు రోజులుందనగా, దున్నపోతు గుండు నేలనుంచి లేచి అతడి రొమ్ముమీదికి వచ్చింది. అప్పటికి అతడి బరువూ ఎనిమిది మణుగులే. ఓబులవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇంక పో," అంది.

సందు దగ్గర ఉడుము ఎండ కాచుకుంటూనే ఉంది. "ఎవరు బాబూ తమరు? పోయినేడు ఇక్కడ ఒక యువరాజు ఇరుక్కున్నాడు. ఆయనకేమైనా చుట్టాలా?"

"ఆ యువరాజును నేనే," అని వజ్రబాహుడు పక్కకు తిరిగి సందులోంచి అవతలికి నడిచిపోయాడు. ఉడుము నోరు తెరిచి, ఆ వింత చివరిదాకా చూడాలని అతడి వెంట పాకింది.

ఏడు వందల మెట్లెక్కితే కొండ శిఖరాన అక్క కనిపించింది. చెయ్యి ఇంకా చాచే ఉంది. గండశిలుడు చెట్టుకానుకుని మీసాలు దువ్వుకుంటున్నాడు. వజ్రబాహుడు వాడి వైపు కూడా చూడకుండా వంగి రాతిని పట్టాడు. పట్టు జారింది.

"వేళ్ళ కొసలతో పట్టుకుంటే ఏం నిలుస్తుంది? అరచెయ్యి మొత్తం ఆనించు. గోడను నేనెలా పడతానో అలా!" అంది ఉడుము.

అతడు అరచేతులు ఆనించి, అక్కను రొమ్ముకు అదుముకుని, కాళ్ళతో లేచాడు. ఎనిమిది మణుగులు. ఒంటికి తెలిసిన బరువే.

ఒక్కో మెట్టే దిగుతున్నాడు. నాలుగు వందల మెట్లు అయ్యేసరికి గండశిలుడి మొహం పాలిపోయింది. పరుగున దిగి ఎదురుగా వచ్చి చేతులు జోడించాడు. "ఓడిపోయాను యువరాజా! ఇంతటి వీరుణ్ణి ఉత్తచేతులతో పంపనా?" అంటూ అతడి తలమీద బంగారు కిరీటం పెట్టాడు. మెడలో లావుపాటి హారాలు వేశాడు, నడుముకు వడ్డాణం చుట్టాడు.

వెంటనే రాయి బరువెక్కింది. మోకాళ్ళు వంగిపోయాయి. ఏం జరిగిందో వజ్రబాహుడికి ఒక్క క్షణం అర్థం కాలేదు. రాక్షసుడి మీసాల చాటున నవ్వు చూశాక అర్థమైంది. తన ఒంటిమీదికి ఎంత బరువు చేరితే రాతికీ అంత చేరుతోంది!

"ఉడుమూ, ఈ బంగారమంతా పీకెయ్!" అని అరిచాడు. చేతులు ఖాళీ లేవు కనుక తల విదిలించి కిరీటాన్ని పడగొట్టాడు. ఉడుము చరచరా పాకి హారాల తాళ్ళు కొరికేసింది, వడ్డాణం ముడి తెంపింది. బంగారం మెట్లమీద గణగణా దొర్లిపోయింది. అతడు చెప్పులు కూడా విడిచేశాడు. ఉడుము కిందికి దూకింది. రాయి తేలికైంది.

మరో రెండు వందల మెట్లు దిగాడు. ఇంకా వంద మెట్లున్నాయి. తొడలు వణుకుతున్నాయి, చెమటతో కళ్ళు మండుతున్నాయి. ఇంక దింపెయ్యమని ఒళ్ళంతా బతిమాలుతోంది. అప్పుడు కిందనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఒకటీ! రెండూ! మూడూ!"

ఓబులవ్వ! బస్కీలకు పెట్టినట్టే మెట్టు మెట్టుకూ లెక్క పెడుతోంది. అతడు ఇంక ఎన్ని మెట్లున్నాయో చూడటం మానేసి, ఆమె చెప్పిన అంకెకు ఒక అడుగు వేస్తూ పోయాడు. తొంభై. తొంభై ఎనిమిది. వంద! ఆఖర్న సందులోంచి పక్కవాటుగా అక్కను దాటించి, వెన్నేటిలోకి మోకాలి లోతు నడిచి, ఆమె పాదాలను నీళ్ళలో ఆనించాడు.

రాతి వేళ్ళు కదిలాయి. చాచిన చెయ్యి తమ్ముడి చెంపను తడిమింది. హేమవల్లి అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "ఒరేయ్, మా వాడేడిరా? సగమే వచ్చావు!" అంది. ఆ మాట అంటూనే బావురుమంది. ఇద్దరూ నీళ్ళలో నిలబడే ఏడ్చారు, నిలబడే నవ్వారు.

ఇంతలో కొండమీద ఉరిమినట్టు చప్పుడైంది. మంత్రం తిరిగి తగిలి గండశిలుడు గుండ్రటి బండరాయై, మెట్లన్నీ దొర్లి, సందు మీదుగా ఎగిరి, సరిగ్గా గరిడీలో వరస చివర్న వచ్చి ఆగాడు. ఓబులవ్వ కాలితో తట్టి చూసింది. "తొమ్మిది మణుగులుంటాది. ఎనిమిదో గుండు కోసరం ఎతుకుతానే ఉన్నా," అంది.

మాఘ పౌర్ణమినాడు ఇక్షుపురి కోట ముందు ఇసక వేస్తే రాలనంత జనం. హేమవల్లిని చూసి ఆనందంతో ఊగిపోయారు. కానీ యువరాజు పళ్ళెంలో కూర్చుని, అవతల ఎనిమిది మణుగుల బెల్లానికే త్రాసు సమమయ్యేసరికి అందరి మొహాలూ వాడిపోయాయి. కుమ్మరి వీరమ్మ తలవంచుకుంది. ఆమె పిల్లలు బెల్లం దిమ్మల వైపు చూసి, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

హేమవల్లి అలవాటుగా ముందుకొచ్చి చెయ్యి చాచింది. ఆ అవసరం ఇప్పుడు లేదు. అయినా వజ్రబాహుడు అక్క చెయ్యి పట్టుకునే పళ్ళెంలోంచి దిగాడు. నేరుగా ఎనిమిదో గుండు దగ్గరికి నడిచాడు. ఎడ్లబండి మీద దాన్ని అంతదూరం తెచ్చిన ఓబులవ్వ పక్కకు తప్పుకుంది.

అతడు వంగాడు, అరచేతులు ఆనించాడు. గుండు మోకాళ్ళదాకా లేచి ఆగింది. జనం ఊపిరి బిగబట్టారు. "లెయ్యబ్బీ!" అని ఓబులవ్వ ఒక్క కేక పెట్టింది. గుండు రొమ్ముమీదికి వచ్చింది. దాన్ని అదుముకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, వజ్రబాహుడు మళ్ళీ త్రాసు ఎక్కాడు.

"ఈ ఏటినుంచి నన్నొక్కణ్ణే తూచొద్దు," అన్నాడు ఆయాసపడుతూ. "నన్నూ, నేను మొయ్యగలిగిందాన్నీ కలిపి తూచండి!"

బెల్లం దిమ్మలు పడుతున్నాయి. పది, పన్నెండు, పదమూడు. పాత లెక్క దాటింది. పదిహేడు మణుగుల దగ్గర త్రాసు సమమైంది. ఆ కేరింతలకు కోట బురుజుల మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. సుధన్వ మహారాజు సింహాసనం దిగి వచ్చి, తన కిరీటం తీసి కొడుకు తలమీద పెట్టాడు. "ఇది బరువు కాదుగా బిడ్డా?" అన్నాడు. "బరువే నాన్నగారూ. కానీ ఇప్పుడు మొయ్యగలను," అన్నాడు వజ్రబాహుడు.

ఆ తర్వాత ఊరూరా గరిడీలు వెలిశాయి. ఓబులవ్వ, గడపమీద కూర్చుని లెక్కపెట్టడానికి మనుషులు చాలక, ఉడుముకు కూడా అంకెలు నేర్పింది. కుమ్మరి వీరమ్మ మాత్రం ఏటా తులాభారం నాడు కొత్త రాజుగారికి ఒక అరిసె తెస్తుంది. ఒక్కటే. ఆయన దాన్ని రెండుగా తుంచి, సగం అక్కకు పెట్టి, మిగతా సగం తిని, పోయినేటి కంటే కాస్త పెద్ద గుండు వైపు నడుస్తాడు.