ఎనిమిదో నంబరు కాలేజీ

"ఎనిమిది," అంది హోయ్‌లామ్.

గడ్డి మీద గుండ్రంగా కూర్చున్న కొత్త పిల్లలంతా ఠక్కున నోళ్లు మూశారు. అప్పటిదాకా ఒక్కొక్కరే లేచి పేరూ, సబ్జెక్టూ చెప్పి, "ఈ కాలేజీనే మొదటి నంబరుగా రాశాను!" అని అరిచి చప్పట్లు కొట్టించుకున్నారు. అందులో సగం పచ్చి అబద్ధమని అందరికీ తెలుసు. యూనివర్సిటీలో కాలేజీలున్నవే ఎనిమిది. చేరేముందు ఇష్టాన్నిబట్టి అన్నిటికీ నంబర్లేసి పంపాలి. యూనివర్సిటీవాళ్లు ఎక్కడ పడేస్తే నాలుగేళ్లూ తిండీ పడకా అక్కడే.

"ఎనిమిదంటే ఆఖరిదిగా?" అన్నాడు చున్‌హిన్. వాడు రెండో ఏడాది కుర్రాడు. కొత్తవాళ్ల జట్టుకి పెద్ద.

"తొమ్మిదో గడి లేదు. ఉంటే అందులో రాసేదాన్ని."

ఇంకొకడైతే మొహం మాడ్చుకునేవాడు. వీడు పకపకా నవ్వాడు. "పోన్లే, ఎనిమిది కలిసొచ్చే నంబరు. సరే గానీ, జట్టు పెద్దని 'నాన్నా' అని పిలవాలి. మన హాంకాంగ్‌లో అదే ఆచారం, తెలుసుగా?"

"నాకో నాన్నున్నాడు. డబుల్ డెక్కర్ బస్సు నడుపుతాడు. నువ్వేం నడుపుతావ్?"

జట్టంతా గొల్లుమంది. చున్‌హిన్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ పిల్ల కోపమంతా వాళ్లమ్మ పెట్టిన ఆశ వల్ల వచ్చిందే. షామ్‌షుయ్‌పో పేటలో చిన్న కొట్టు పెట్టుకుని స్కూలు యూనిఫామ్‌లు సరిచేసి కుట్టే ఆవిడ, కూతురు నాన్‌షాన్ కాలేజీలో చేరబోతోందని వచ్చినవాళ్లందరికీ ముందే చెప్పేసుకుంది. నాన్‌షాన్ అంటే పాత కాలేజీ, పేరున్న కాలేజీ, అందరూ మొదటి నంబరేసేది. హోయ్‌లామ్‌కి పడిందేమో కొండకొమ్మున బుల్లి చింగ్‌వాన్. ఏడాది ఓపిక పడితే మారడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ పిల్ల రోజులు లెక్కపెట్టింది.

అందుకని నినాదాలు నేర్చుకోలేదు. కాలేజీ టీషర్టు వేసుకోలేదు. వారానికి మూడు సాయంత్రాలు అందరూ కలిసి తినాలని రూలుంటే, బల్ల చివర ఒక్కతే కూర్చునేది.

"ఎనిమిదో నంబరు గారూ, సూప్ చల్లారిపోతోంది," అంటూ ఎదురుగా చేరేవాడు చున్‌హిన్.

"నీకు వేరే పిల్లల్లేరా పెంచడానికి?"

"ఉన్నారు. వాళ్లు చెప్పినమాట వింటారు. బోరు."

ఆ ఏడిపించేవాడి కోసమే తన చూపు తలుపు వైపు పోతోందని ఆమెకి శీతాకాలానికి తెలిసొచ్చింది. తెలిసి, తనమీద తనకే మండింది.

ఇంతలో ఓ గొడవ. ల్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లలకి అన్నం లేదు, పైగా గైర్హాజరు వేశారు. హోయ్‌లామ్ తిన్నగా వార్డెన్ గదికి వెళ్లింది. "కలిసి తినమన్నది మీరే. మరి వీళ్లు మనలో కలవరా?" అని అడిగింది. మూడు వారాలు వదల్లేదు. చివరికి ఆలస్యంగా వచ్చేవాళ్లకి వేడి అన్నం తీసిపెట్టడం మొదలైంది. ఆ రోజు చున్‌హిన్ ఏమీ ఏడిపించలేదు. ఊరికే ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

మేలో దరఖాస్తు వేళ వచ్చింది. కాలేజీలో తనని బాగా ఎరిగిన సీనియర్ ఎవరైనా ఉత్తరం రాయాలి.

"నువ్వు రాస్తావా?" అంది, వద్దంటాడేమోనని ఆశపడుతూ.

"ఎప్పటికి కావాలి?" అన్నాడు వాడు.

అంతే. ఉండమని ఒక్క మాట లేదు! మర్నాడే కవరు అంటించి చేతిలో పెట్టాడు. "పీడ వదిలిందనుకున్నావా?" అని కసిరి వెళ్లిపోయింది. రాత్రంతా దిండుని పిడికిలితో గుద్దింది.

ఇంటర్వ్యూ రోజు కుండపోత. తల్లి కొట్టు మూసి మరీ వచ్చి వరండాలో కూర్చుంది. లోపల నాన్‌షాన్ ప్రొఫెసర్ కవరు చించి, కళ్లజోడు సర్దుకుని పైకే చదివాడు.

"'హోయ్‌లామ్ మా నినాదాలు నేర్చుకోలేదు. మా టీషర్టు వేసుకోలేదు. కానీ మాలో ఎవరూ ఆకలితో పడుకోకూడదని పోట్లాడింది. పంపడం నాకు ఇష్టం లేదు. తను కోరుకుంది కాబట్టి పంపుతున్నాను. ఆమెకి కోపం వచ్చినప్పుడు వినండి. చాలాసార్లు న్యాయం ఆమె వైపే ఉంటుంది.' ఇదేమిటమ్మా, పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు రాశాడు?"

ఆమె ముందుకి వంగి కాగితం మీది చేతిరాత చూసింది.

"అయినా మారాలనుకోవడంలో నీ తప్పు లేదులే," నవ్వాడాయన. "చింగ్‌వాన్ అంటే ఎవరికీ అక్కర్లేని పిల్లల్ని పోసే చోటు. తెలివున్నవాళ్లు అక్కడెందుకుంటారు?"

"మా కాలేజీని అలా అనకండి, సర్."

అన్నాక ఆమే ఉలిక్కిపడింది. 'మా' అంది! అనేశాక మరి ఆగలేదు.

"నేను ఎనిమిదో నంబరేశాను, నిజమే. చూడకుండా వేశాను. ఇప్పుడు చూశాను. నా దరఖాస్తు నాకిచ్చేయండి."

బయటికొచ్చి తల్లికి చెప్పింది. ఆవిడ గొడుగు పట్టుకుని దిగ్గున లేచింది.

"ఏమే, మతి పోయిందా? ఏడాదంతా దీనికోసమేగా ఏడ్చావ్! నేను కొట్లో మొహం ఎలా చూపించను?"

"మా అమ్మాయి తనకి నచ్చినచోట ఉందని చెప్పు. నీకు పేరు కావాలి, నాకు నా మనుషులు కావాలి. అక్కడే ఉంటాను."

"ఎవడే వాడు?" తల్లి ఎంతైనా తల్లి.

హోయ్‌లామ్ గేటు వైపు చూసింది. బస్‌స్టాప్‌లో చున్‌హిన్ నిలువునా తడిసి ఉన్నాడు. కొండెక్కే బస్సులు నాలుగు వాడి ముందు నుంచే వెళ్లిపోయాయి. ఆమె వానలోకి నడిచింది. వెనకే తల్లి, గొడుగు, తిట్లు.

"ఉండమని ఒక్కమాట అనలేకపోయావా?" అని నిలదీసింది.

"అంటే నా మాటకోసం ఉండిపోతావేమోనని భయం. తర్వాత నన్ను తిట్టుకుంటావ్," అన్నాడు వాడు నేల చూస్తూ. "నాలుగు కాగితాలు చించాను, ఆ ఉత్తరం రాయడానికి."

"నేను వెళ్లడం లేదు. అది నాకోసం. ఇంకోటి విను. నువ్వంటే నాకిష్టం."

"ఒసేయ్! నా ఎదురుగానా!" కేక పెట్టింది తల్లి.

"నీ చాటున ఎందుకు చెప్పాలమ్మా? నేనేం దొంగతనం చేశానా?"

చున్‌హిన్ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

తల్లి కూతుర్ని చూసింది. తడిసిన జుట్టు, ఎత్తిన గడ్డం, పెదవి మాత్రం సన్నగా వణుకుతోంది. ఆవిడకి ఆ కుర్రాడి మీద ఒళ్లు మండిపోయింది. గొడుగు మూసి గడకర్రలా వాడికి అడ్డంగా పెట్టింది.

"ఏమయ్యా, అలా నిలబడ్డావేం? మా పిల్ల ఇంత ధైర్యంగా మనసు విప్పితే జవాబు చెప్పవా?"