చిట్టెమ్మ వినే మాట

చీఫ్ ఇచ్చిన కాగితాన్ని పిడుగు రెండోసారి చదవలేదు. నలిపి చెత్తబుట్టలోకి విసిరింది. గురి తప్పింది. కోపం ఇంకాస్త పెరిగింది.

"అది ఆఫీసు కాపీ," అన్నాడు చీఫ్.

"అది నా ప్రోగ్రాం, సార్."

"అందుకే పిలిచాను."

పిడుగు అన్నది డిపార్ట్‌మెంట్ ఆమెకిచ్చిన కోడ్ నేమ్. ఉద్యోగం సీక్రెట్ ఏజెంట్. సెలవు దొరికితే ఉత్త డెవలపర్. ఎవరూ అడగని ప్రోగ్రాములు రాసుకుని మురిసిపోయే రకం. ఎండ ముదిరితే కర్టెన్లు వేసే స్క్రిప్టు ఒకటి. కుండీల్లో మట్టి ఆరితే నీళ్ళు పెట్టేది ఒకటి. ఇంటి వై-ఫైలోకి ఎవరైనా దూరబోతే మొరిగే సెక్యూరిటీ ప్రోగ్రాం ఒకటి. పెళ్ళైన కొత్తలో వీటన్నిటినీ కలిపి, మాట వినే ఏఐ జోడించి, చిట్టెమ్మ అని పేరు పెట్టింది. గుమ్మంలోకి అడుగుపెట్టి "వచ్చేశా" అంటే చాలు, చిట్టెమ్మ తలుపు గడియ వేసి, కాఫీ కోసం గ్యాస్ వాల్వు తెరిచేది. బయటికి వెళ్ళేటప్పుడు సర్దాల్సినవన్నీ సర్ది, జాగ్రత్తలు చెప్పి మరీ పంపేది.

"నిన్న ఒక చిన్న నీళ్ళ ప్లాంటులో క్లోరిన్ గది తలుపులు వాటంతటవే బిగుసుకున్నాయి," అన్నాడు చీఫ్. "వాల్వులు తెరుచుకుని గది నిండా విషవాయువు. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. కంట్రోల్ ప్యానెల్ విప్పి చూస్తే నీ చిట్టెమ్మ."

"ఎవరు పెట్టారు?"

"గద్ద ముఠా. సరిహద్దు అవతలి బాపతు. నిన్నటిది రిహార్సల్. ఇవాళ ఇంకో ప్లాంటు. ఏదో తెలీదు. అన్నీ మూసేస్తే ఊరికి మంచినీళ్ళుండవు."

పిడుగు పళ్ళు బిగించింది. ఆ ప్లాంట్లలో ఒకదానిలో ఆమె మొగుడు కెమిస్టు. పెళ్ళి పాతబడుతున్నా అక్కడివాళ్ళు ఆయన్ని ఇంకా 'పెళ్ళికొడుకు' అనే పిలుస్తారు. ఆయనా పలుకుతాడు, సిగ్గు లేకుండా.

"చిట్టెమ్మ నా ఇంటి గోడ దాటలేదు సార్. ఎలా పోయింది?"

"ఇంటికి ఎవరొచ్చారు?"

వచ్చింది ఒక్కరే. నెమలి. గద్ద ముఠాలో డిపార్ట్‌మెంట్ పెట్టిన మనిషి. నడిచొస్తుంటే లిఫ్టు కూడా కాసేపు ఆగుతుందని ఆఫీసులో జోకు. సోఫాలో కూర్చుని, కాఫీ తాగి, "నీ చిట్టెమ్మ ఎంత ముద్దుగా మాట్లాడుతుందే!" అని బుగ్గ గిల్లి వెళ్ళింది.

"నెమలి మన మనిషేనా, సార్?"

"మన దగ్గరా జీతం తీసుకుంటోంది, వాళ్ళ దగ్గరా తీసుకుంటోంది. ఎవరి మనిషో నువ్వే చూసి చెప్పు."

*

ముఠా స్థావరం ఒక స్పోకెన్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్. గోడల నిండా నోరు తెరిచి నవ్వుతున్న స్టూడెంట్ల ఫొటోలు. పిడుగు నీలం యూనిఫాం, టోపీ, భుజాన టూల్ బ్యాగుతో వాటర్ ఫిల్టర్ సర్వీసు మనిషిలా వెళ్ళింది. పైకి పనివాళ్ళ వాలకం, లోపల కోపం కుతకుత.

వేలికి మాత్రం తన ఉంగరమే. అది డిపార్ట్‌మెంట్ గాడ్జెట్ కాదు, హనీమూన్‌లో సరదాకి చేసిన బొమ్మ. నొక్కిపెడితే మొగుడి ఫోన్ దానంతటదే స్పీకర్‌లో మాట్లాడుతుంది, అవతలి మాటా ఉంగరంలో వినిపిస్తుంది. మొదటిసారే మీటింగ్ మధ్యలో "ఏమండోయ్, తిన్నారా?" అని అరిచి ఆయన పరువు తీసింది. ఆయన కోప్పడలేదు. "తిన్నానోయ్," అన్నాడు, డైరెక్టరు ముందే.

రిసెప్షన్‌లో నెమలి. పచ్చ పట్టు చీర, పచ్చ రాళ్ళ దుద్దులు.

"ఫిల్టర్ కడగాలా, మార్చాలా?" కోడ్ అడిగింది పిడుగు.

"కడిగితే వదిలే మురికి కాదు," అంది నెమలి. సరైన జవాబే. కానీ దానితో పాటు పిస్టల్ కూడా బయటికొచ్చింది. "లోపలికి నడువు."

"నా ఇంట్లో కాఫీ తాగావే!"

"బావుంది కూడా. నడువు."

క్లాస్‌రూంలో కుర్చీకి కట్టేశారు. ఎదురుగా తెల్ల గడ్డం, బంగారు కళ్ళజోడు. ముఠా నాయకుడు. అందరూ ప్రొఫెసర్ అంటారు. ఏడు భాషలు వచ్చని ఆయన నమ్మకం.

"మిమ్ములను బంధించినందుకు చింతిస్తున్నాను," అన్నాడు తెలుగులో. "నా భాష స్పష్టముగా ఉన్నదా?"

"శిలాశాసనంలా ఉంది," అంది పిడుగు.

ఆయన ముఖం మాడింది. గోడ మీది పెద్ద స్క్రీన్ వైపు వేలు చూపించాడు.

క్లోరిన్ గది. బిగుసుకున్న తలుపులు. స్క్రీన్ మూలన తగ్గుతున్న అంకెలు. తలుపు గుద్దుతూ ఇద్దరు ఆపరేటర్లు. కంట్రోల్ ప్యానెల్ ముందు తెల్లకోటు వేసుకుని పెళ్ళికొడుకు. పొద్దున ఆ కోటుకి ఊడిన గుండీ ఆమే కుట్టింది, వంకరగా. ఆ వంకర గుండీ ఇక్కడికి కూడా కనిపిస్తోంది.

"'వచ్చేశా' అని నేను పలికాను. తలుపులు మూసుకున్నవి. ఆ అంకెలు సున్నకు చేరగానే వాల్వులు తెరుచుకొనును."

"ఆపు. ఇప్పుడే ఆపు!"

"మీ దంపతుల స్వరములను తొలగించాము. అది ఇప్పుడు నా స్వరమునే వినును. మాట పంపు లైను కూడా తెంచివేశాను. నేను అక్కడ లేను, కావున నేనైనను ఆపజాలను."

పిడుగు కళ్ళు ఎర్రబడ్డాయి. దొంగలు వస్తువులు ఎత్తుకెళ్తారు. వీడు ఆమె సంసారంలో మాటలు ఎత్తుకెళ్ళాడు. సాయంత్రం గుమ్మంలో మొగుడు అలసిపోయి అనే ముద్దుమాటతో మొగుణ్ణే చంపబోతున్నాడు. కట్టిన చేతులతోనే ఉంగరం తడిమింది. నొక్కిపెట్టింది.

స్క్రీన్ మీద పెళ్ళికొడుకు ఉలిక్కిపడి జేబులోంచి ఫోన్ తీశాడు.

"ప్రొఫెసర్!" గట్టిగా అరిచింది. "మళ్ళీ చెప్పు. నీ గొంతు తప్ప ఇంకెవరి గొంతూ వినదా?"

"వినదు. సరిగానే గ్రహించారు."

గదిలోని పెళ్ళికొడుకు ఫోన్ వైపు చూశాడు. ఇందాక ప్యానెల్లోంచి వచ్చిన గొంతు ఇదే. తల ఎత్తి కెమెరాకేసి చూశాడు. నెమ్మదిగా ఫోన్‌ని ప్యానెల్ మైకుకి ఆనించి పట్టుకున్నాడు.

*నా బంగారం,* అనుకుంది పిడుగు, అంత కోపంలోనూ.

అప్పుడే నెమలి ఫైళ్ళు సర్దుతున్నట్టుగా వచ్చి స్క్రీన్‌కి అడ్డంగా నిలబడింది. ప్రొఫెసర్‌కి ఇక పచ్చ చీర తప్ప ఏమీ కనబడదు.

ప్రొఫెసర్ బ్యాగు అందుకున్నాడు. "కార్యము ముగిసినది. నేను పోవుచున్నాను."

పిడుగు పకపకా నవ్వింది. నవ్వులో నిప్పులు రాలుతున్నాయి.

"పోతావా? పోతా అంటాడండీ ఈయన! ఇన్‌స్టిట్యూట్ పెట్టి నేర్పేది ఈ తెలుగేనా? గుమ్మం దాటేటప్పుడు ఏమనాలో కూడా తెలీదు!"

"వ్యాకరణ దోషము లేదు!"

"వ్యాకరణం వదిలెయ్. చిన్నపిల్లలు కూడా నవ్వుతారు నిన్ను చూసి."

"నిజమే ప్రొఫెసర్," అంది నెమలి గోళ్ళు చూసుకుంటూ. "మేం పోతా అనం. అపశకునంలా ఉంటుంది. ఆవిడతో మాటపడటం దేనికి, పదండి. అది మీకు రాని మాటే అనుకుంటా."

ఆ చివరి ముక్క సూదిలా దిగింది. ప్రొఫెసర్ గడ్డం అదిరింది. అంకెలు ఒంటి అంకెకొచ్చాయి. ఆయన తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, నిటారుగా నిలబడ్డాడు.

"నాకు రాదా? ఇన్‌స్టిట్యూటు బంట్రోతు రోజూ అనును. వినుడు." గొంతు సవరించుకున్నాడు. "వస్తా!"

స్క్రీన్‌లో అంకెలు ఆగిపోయాయి. టక్కున వాల్వులు బిగుసుకున్నాయి. క్లోరిన్ గది తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఉంగరంలోంచి సన్నగా, తియ్యగా చిట్టెమ్మ గొంతు వినిపించింది.

"క్షేమంగా వెళ్ళి రండి. గ్యాస్ కట్టేశాను. తలుపు తీశాను. గొడుగు మర్చిపోకండి."

ఆపరేటర్లిద్దరూ పెళ్ళికొడుకుని చెరో రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయారు.

"అసాధ్యము!" అరిచాడు ప్రొఫెసర్. "వచ్చేశా, వస్తా, రెండును ఆగమనమే! మా ట్రాన్స్‌లేషన్ ఏఐ రెంటికీ ఒకే అర్థము చూపినది. రెండవది దండుగ అని ముట్టక వదలివేశాము!"

"మేం వెళ్ళేటప్పుడే వస్తా అంటాం," అంది పిడుగు. "ఆ ముక్క మీ ఏఐకి ఎవరూ చెప్పలేదు కాబోలు."

ప్రొఫెసర్ చెయ్యి కోటు జేబులోకి వెళ్ళబోయింది. నెమలి పిస్టల్ ఆయన చెవి దగ్గరికొచ్చింది.

"నేను చెప్పలేదు," అంది నెమలి.

చీఫ్ మనుషులు వచ్చి ప్రొఫెసర్‌కి బేడీలు వేశారు. కట్లు విప్పుతుంటే పిడుగు నెమలి మీదికి లేచింది.

"నా మొగుడే ఆ గదిలో! నా చిట్టెమ్మని దొంగిలించి వీడికిస్తావా?"

"ఇవ్వకపోతే బజార్లో ఇంకో ప్రోగ్రాం కొనేవాళ్ళు. దానికి వస్తా తెలీదు. ఆ రోజు నన్ను దింపడానికి బయల్దేరుతూ నువ్వు వస్తా అన్నావు. గ్యాస్ కట్టేసి, తలుపు తీసింది. అప్పుడే అనుకున్నా, ఇస్తే ఇదే ఇవ్వాలని."

"నాకు చెప్పచ్చుగా!"

"చెప్తే నీ ముఖంలో ఇంత కోపం పలుకుతుందా? నీ కోపం చూసే కదా వాడు నన్ను నమ్మింది."

పిడుగు పిడికిలి బిగించింది, వదిలింది. "మా ఇంటికి మళ్ళీ రా. కాఫీలో ఉప్పేస్తా."

బేడీలతో వ్యాన్ ఎక్కుతూ ప్రొఫెసర్ అలవాటుగా వెనక్కి తిరిగాడు.

"మీరు మాత్రం పోతా అనొచ్చు," అంది పిడుగు.

ముఠా లాప్‌టాప్‌లోంచి తెంచిన లైను మళ్ళీ కలిపి, చిట్టెమ్మలో ప్రొఫెసర్ గొంతు చెరిపేసి, తమ ఇద్దరి గొంతులు తిరిగి పెట్టింది. అప్పటికి గాని ఊపిరాడలేదు. ఉంగరం నొక్కింది.

"ఏమండోయ్, బాగానే ఉన్నారా?"

"బ్రహ్మాండంగా. లోపలికొచ్చి ప్యానెల్ సరిచేస్తున్నాం. ఊరికి నీళ్ళు వదలాలిగా. కోపం తగ్గిందా?"

"లేదు. ఇంకో గంట ఉంటుంది. నేనే అక్కడికొచ్చి తీసుకెళ్తా మిమ్మల్ని. సరే, వస్తా."

అవతల టక్కుమని శబ్దం. తర్వాత పెళ్ళికొడుకు నిట్టూర్పు.

"రావోయ్, రా. కానీ ఆ మాట స్పీకర్‌లో అనకు. చిట్టెమ్మ మళ్ళీ గ్యాస్ కట్టేసింది. గొడుగు కూడా తెచ్చుకోమంటోంది."