హీరో నోట వేరే మాట

"హీరో బూటు. మళ్ళీ బూటు. ఇంకో పక్క నుంచి అదే బూటు. ఇది సినిమానా, చెప్పుల కొట్టు ప్రకటనా?" అంది ఎడిటర్.

డైరెక్టర్‌కి ఒళ్ళు మండింది. మొదటి సినిమా, అందులోనూ మొదటి సీను! బూటు దగ్గర మొదలైన కెమెరా మెల్లగా పైకెళ్ళి, కోటు ఎగిరి, వర్షం స్లో మోషన్‌లో కురిసి, హీరో మొహం కనబడగానే హాలంతా ఈలలేనని అతగాడి నమ్మకం. ఆలోగా జనం పాప్‌కార్న్ కొనుక్కుని, తినేసి, చేతులు కూడా కడుక్కుని రావచ్చన్న సంగతి అయ్యగారి బుర్రకు తట్టలేదు.

"అది బిల్డప్ అండీ!"

"దేనికి బిల్డప్? వాడికి ఏం ముంచుకొస్తోందో ముందు చూపించండి. అప్పుడు జనం కుర్చీ అంచుకొస్తారు. ఆ తర్వాత బూట్లే చూపిస్తారో, మేజోళ్ళే చూపిస్తారో మీ ఇష్టం."

చకచకా కోసేసింది. ఇప్పుడు సినిమా మేడ అంచున హీరో, ఎదురుగా విలన్ తుపాకీ, హీరో చెవి దగ్గర ఫోనుతో మొదలైంది. డైరెక్టర్ పైకి సణిగాడు గానీ లోపల మురిసిపోయాడు. సీను బాగుందని సగం, ఆమె పక్కన కూర్చున్నానని సగం.

చిక్కల్లా ఒకటే. సాయంత్రం ట్రయల్ షోతో ఎడిటర్ పని అయిపోతుంది. రేపటి నుంచి వేరే సినిమా, వేరే ఊరు. విలన్ల చేత పేజీలకు పేజీలు డైలాగులు చెప్పించిన ఈ మహానుభావుడికి, నెలల తరబడి పక్క కుర్చీలో ఉన్న అమ్మాయితో ఒక్క ముక్క చెప్పడానికి నోరు పెగల్లేదు. ఇవాళ కూడా చెప్పకపోతే ఇక అంతే సంగతులు.

ట్రయల్ షోకి నిర్మాత వచ్చాడు. డైరెక్టర్‌కి సొంత పెదనాన్నే. వెంట పెద్దమ్మ. తుపాకీ పేలిందంటే ఆవిడకు జోలపాట విన్నట్టే, అందుకే శాలువా కూడా తెచ్చుకుంది.

తెర మీద హీరో వీపు కనబడుతోంది. అతను ఇంకా డబ్బింగ్ చెప్పలేదు. ప్రస్తుతానికి ఆ మాటలు డైరెక్టరే మైకు ముందు చదివి పెట్టాడు.

"బాంబు ఎక్కడుందో చెప్పు!" అని గర్జించాడు హీరో, డైరెక్టర్ గొంతుతో. ఆ వెంటనే అదే గొంతు గొణిగింది. "మీరంటే నాకు ప్రాణం అని చెప్పేస్తే? కోప్పడితే? బాబోయ్, నా వల్ల కాదు!"

తుపాకీ పేలింది. హీరో మేడ మీంచి దూకేశాడు. తెర చీకటైపోయింది.

డైరెక్టర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. మైకు కట్టేయడం మరిచి తనలో తాను గొణుక్కున్న మాటలవి!

పెద్దమ్మ శాలువా తీసి పారేసింది. "అయ్యో, ఆ పిల్లకి చెప్పకుండానే దూకేశాడేమిటి?"

"బాంబు గోల తర్వాత. ముందు చెప్పాడా లేదా?" అన్నాడు పెదనాన్న. "అసలు కథలో ఈ అమ్మాయెక్కడిదిరా?"

"అది... పొరపాటున..."

పెద్దమ్మ అతని ఎర్రబడ్డ చెవులు చూసింది. వెనక వరసలో తల వంచుకున్న ఎడిటర్‌ని చూసింది. "ఏమండీ, బయట కాఫీ తాగొద్దాం పదండి."

"ఇప్పుడా? కథ మంచి పట్టులో ఉంటే!"

"అందుకే. లేవండి!"

తలుపు పడింది. డైరెక్టర్ నేల చూపులు చూశాడు. "క్షమించండి. మీరు చూసుకోకపోవడంతో ఆ ముక్క ఉండిపోయినట్టుంది."

"నేనా చూసుకోనిది? ఆ మాట విని వారమైంది. మీరే చెప్తారని కాచుకు కూర్చున్నాను. మీరేమో రోజూ ఏసీ ఎక్కువైందనీ, టీ చల్లారిందనీ! ఒళ్ళు మండి ఉంచేశాను."

అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మీరంటే నాకు ప్రాణం," అన్నాడు. ఈసారి మైకు లేదు, హీరో లేడు. "వెళ్ళొద్దని అనను. మీ పని మీది. కానీ ప్రతి ఆదివారం అక్కడికి వస్తాను. కోప్పడతారా?"

"రాకపోతే కోప్పడతాను."

తలుపు సందులోంచి నిర్మాత గొంతు ఆత్రంగా వినిపించింది. "చెప్పాడా లేదా?"

ఇన్నాళ్ళూ ఆయన్ని 'సార్' తప్ప మరో మాట అనని ఎడిటర్ గొంతు సవరించుకుంది.

"చెప్పారు, పెదనాన్నగారూ!"