అత్తగారి సంతకం

పొద్దున ఏడింటికి మొదటి వాయ బిస్కెట్లు ఓవెన్‌లోంచి తీయడం అత్తగారికి పాతికేళ్ల అలవాటు. వీధిలోవాళ్లు డబ్బాలు పట్టుకుని గుమ్మం దగ్గరికే వచ్చి కొనుక్కుపోతారు. ఆ రోజు మాత్రం వాయ మాడింది. మాడక ఏం చేస్తుంది, బల్ల మీద దొరికిన కాగితం పట్టుకుని ఆవిడ అక్కడే నిలబడిపోతే.

వచ్చే నెల కోడలు తెరవబోయే రొట్టెల దుకాణం తాలూకు కాగితం అది. బోర్డు మీద పేరు కంపెనీది, లోపల కష్టం కోడలిది. "ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులు" అన్నచోట కోడలి పేరు ఉంది, కొడుకు పేరు ఉంది. మూడో గడి ఖాళీ.

కోడలు తల తుడుచుకుంటూ వచ్చేసరికి అత్తగారు కుర్చీలో బిగుసుకుని కూర్చుంది.

"నేనీ ఇంట్లో మనిషిని కానా అమ్మాయ్?"

కోడలు భర్త వంక కొరకొరా చూసింది. ఆయన కాఫీ కప్పులో తల దూర్చేశాడు.

"అది కాదత్తయ్యా..."

"ఏది కాదు? మూడు నెలల నుంచీ చూస్తున్నాను. నేను గదిలోకి రాగానే ఆ లావుపాటి పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేస్తావు. పిండి ఎంతసేపు పొంగనిస్తారే అంటే మాట మారుస్తావు. నేనేమన్నా దొంగనా? అంత పరాయిదాన్నయితే చెప్పండి, మా చెల్లెలి దగ్గరికి పోతాను."



"చెప్పెయ్యవే బాబూ. దాచి దాచి నాకు కడుపుబ్బిపోతోంది," అన్నాడు కొడుకు.

కోడలు అత్తగారి పక్కన కూలబడింది. "కంపెనీవాళ్లిచ్చిన ఆ పుస్తకంలో సంగతి ఎవరికైనా చెప్పాలంటే వాళ్లు ముందు సంతకం పెట్టాలి అత్తయ్యా, ఇంట్లోవాళ్లయినా సరే. పెట్టినవాళ్లు రహస్యం దాచడమే కాదు, సొంతంగా ఇలాంటివి చేసి అమ్మకూడదు. మీ బిస్కెట్లు ఆపెయ్యాలి."

"ఆ ముక్క చెబితే ఆపేసేదాన్నిగా."

"అందుకే చెప్పలేదు. మామయ్యగారు పోయాక మీరు తలెత్తుకుని నిలబడింది వాటితోనే కదా. మీ బిస్కెట్ల జోలికి రామని కంపెనీవాళ్లు రాసిస్తేనే మీ పేరు ఎక్కిస్తానన్నాను, లేకపోతే దుకాణమే వద్దన్నాను. నిన్ననే ఒప్పుకున్నారు. ఇవాళ మీచేత సంతకం పెట్టించమంటే ఈ మహానుభావుడు కాగితం ఇక్కడ పడేసి మరిచిపోయారు."

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తీసింది. చేతిదాకా వచ్చిన దుకాణాన్ని తన కోసం వదులుకోవడానికి సిద్ధపడిన పిల్లనా ఇంతసేపూ సాధించింది? సిగ్గేసింది, దాన్ని మించి సంతోషం పొంగుకొచ్చింది. మూడో గడిలో పేరు రాసి సంతకం పెట్టింది. తర్వాత ఇంకో తెల్లకాగితం లాగి ఏదో గిలికి కోడలి ముందుకు తోసింది.

"ఇప్పుడు నువ్వు పెట్టు."

కోడలు పైకి చదివింది. "మా అత్తగారి బిస్కెట్ల రహస్యం కంపెనీకే కాదు, నా మొగుడికి కూడా చెప్పను."

"అమ్మా, నేను నీ కొడుకుని," అన్నాడు కొడుకు.

"రహస్యాలు బల్లమీద వదిలేసే కొడుకువి. బయటికి నడు."

కోడలు నవ్వుతూ సంతకం పెట్టింది. అత్తగారు వంటింటి తలుపు దగ్గరగా వేసి పిండి డబ్బా దించింది.

"కూతురు పుడితే చెబుదామని దాచుకున్నాను. చేతులు కడుక్కుని రా."

కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అలాగే వెళ్లి కొళాయి తిప్పింది.