మరిదికి అన్‌ఫిట్ రాసిన వదిన

"ఇంటి కోడలే మరిది పొట్ట కొట్టింది! ఇంకెవరికి సెప్పుకోను..." అంటూ అత్త ఎరుకమ్మ గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే, పద్మిని చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోయింది. ఆ దీవిలో, డాలీగంజ్ పేటలో ఇళ్ళన్నీ దగ్గర దగ్గర. ఆ ఏడుపు నాలుగు వాకిళ్ళకు వినిపించింది. భర్త తిరుమలరావు ఓడ మీద నికోబార్ వెళ్ళి వారమైంది. పద్మిని తరఫున ఒక్క మాట అనేవాళ్ళు కూడా ఇంట్లో లేరు!

ఎరుకమ్మ చిన్నకొడుకు నాగబాబు ఓడల మరమ్మతు యార్డులో గాలి గొట్టంతో ఇసుక చిమ్మి ఓడల తుప్పు వదలగొట్టే పని చేస్తాడు. అదే యార్డు మెడికల్ రూములో పద్మిని నర్సు. ఏటా జరిగే ఊపిరితిత్తుల పరీక్షలో నిన్న ఆమె మరిది పేరు ఎదురుగా అన్‌ఫిట్ అని రాసింది.

నర్సు అన్నది మన మాటే లెండి! నర్సింగు చదివింది, కార్మికుల ఆరోగ్యం మీద ఇంకో ఏడాది కోర్సూ చేసింది. డాక్టరు మంగళవారం ఒక్కపూట వచ్చి సంతకాలు పెట్టి వెళతాడు. మిగతా రోజుల్లో చెవుల పరీక్ష, ఊపిరి పరీక్ష, తెగిన వేళ్ళకు కట్లు... అన్నీ ఆమెవే. ఆర్డరు కాగితం మీద మాత్రం ఫస్ట్ ఎయిడ్ అటెండెంట్! జీతం పదహారు వేల ఎనిమిది వందలు! మూడేళ్ళు ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా, నర్సు జీతం ముప్పై వేలు ఇవ్వడానికి ఈమధ్యే ఫైలు కదిలింది. ఆ సంగతి ఎరుకమ్మకు తెలుసు. అందుకే అనుమానం అటు పోయింది.

"జీతం పెంచుతారని సొంత మరిదిని అమ్మేసినావు కదే! పోయినేడు ఫిట్టని రాసింది కూడా నువ్వే కదా?"

పద్మిని చెప్పులు విప్పి, లేపబోతూ అత్తగారి చెయ్యి పట్టుకుంది.

యార్డులో ఒక అలవాటుంది. క్రేన్ దగ్గర పనిచేసే అప్పయ్యది గట్టి ఊపిరి. ఆయాసం ఉన్నవాళ్ళ కార్డులు పట్టుకెళ్ళి, వాళ్ళ బదులు అతనే మిషను గొట్టంలో ఊదేవాడు. ఉపకారం చేస్తున్నానని అతని నమ్మకం. ఉద్యోగం నిలబడిందని వాళ్ళ సంబరం! నిరుడు నాగబాబు కార్డుతో అప్పయ్య కుర్చీలో కూర్చోవడం పద్మిని చూసింది. ముందురోజే ఎరుకమ్మ "సూసీ సూడనట్టు వదిలేయే తల్లీ" అని గడ్డం పట్టుకుని బతిమాలింది. పద్మిని వదిలేసింది! ఈ ఏడు నాగబాబు నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకోవడం చూసింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అతని చేతే ఊదించింది. ఉండాల్సిన ఊపిరిలో సగం కూడా రాలేదు.

"లేవండి అత్తయ్యా, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు మీరు."

"నీ సేతి కూడు నాకొద్దు!"

అప్పుడే నాగబాబు లోపలికొచ్చాడు. "అమ్మా, బస్ కర్, ఇంక సాలు! ఈది జనమంతా ఇంటన్నారు." గోడకానుకుని ఊపిరి తీసుకున్నాడు. "నా నౌకరీ పోలేదే. స్టోరులో ఏసినారు. జీతం అదే, ఓవర్‌టైం ఒకటే ఉండదు."

"మరి అన్‌ఫిట్టంటే తీసేస్తారన్నారు కదరా?"

"తీసేసేవోళ్ళే! పోయినేటి కాగితంలో నా ఊపిరి బాగున్నాదని ఉంది. ఇది యార్డు దుమ్ము వల్ల కాదు, నీ సొంత రోగం, ఘర్ జావ్, ఇంటికి పో అనేవోరు. వదినేం సేసిందో తెలుసా? ఈయేళ డాక్టర్ సాబ్ ముందర, 'పోయినేడు ఊదింది ఇతను కాదు, తెలిసీ నేనే తప్పు రాసినాను' అని రాసిచ్చేసింది. నేను సేరినప్పుడు ఊపిరి బాగున్నాదన్న కాగితం తీసి పక్కన పెట్టింది. ఆరేళ్ళ ఇసుక దుమ్మే నా ఊపిరి తినేసిందని ఆయన ఒప్పుకున్నాడు. పని వల్లొచ్చిన రోగమైతే తీసేయకూడదంట, పని మార్చాలంట."

ఎరుకమ్మ ఏడుపు ఆగింది. "మరి దీని జీతం?"

"ఫైలు మూసేసినారు. తప్పు రాసినోళ్ళకి పెంపేటన్నారు. నౌకరీ ఉంచినారు, అదే గొప్ప."

ఎరుకమ్మ కోడలి ముఖంలోకి చూసింది. "ఇంత సేసి నోరిప్పవేటే! నానన్నవన్నీ పడతావేటే!"

"తప్పు చేశాను కదత్తయ్యా... వాణ్ణి ఇంకో ఏడాది ఆ దుమ్ములోకి పంపాను."

"నువ్వా? వదిలేయమన్నది నాను! నా బిడ్డ ఊపిరి నానే తీసినాను..." అంటూ కోడలి భుజం మీద పడి భోరుమంది. ఈసారి పద్మిని కూడా దాచుకోలేదు. కరువుదీరా ఏడ్చింది.

కాసేపటికి పద్మినే కళ్ళు తుడుచుకుంది. "అప్పయ్య బదులు ఊదిపెట్టినవాళ్ళు ఇంకా నలుగురున్నారు. నన్ను చూస్తేనే పారిపోతున్నారు అత్తయ్యా."

ఎరుకమ్మ లేచి కొంగు నడుముకు దోపుకుంది. "నాగా, ఆలెవురో సెప్పు."

ఆ సాయంత్రం నాలుగిళ్ళకూ వెళ్ళింది. ఎవరింట్లో ఎంత తిట్టిందో, ఎంత ఏడ్చిందో తెలియదు. మర్నాడు నలుగురూ మెడికల్ రూము బయట వరసగా నిలబడ్డారు. వెనకాల అప్పయ్య తలొంచుకుని ఉన్నాడు.

"దీదీ, ఎవుడి కార్డుకి ఆడే ఊదుతాడు," అన్నాడు ముందున్నవాడు.

పద్మిని కార్డు మీది ఫొటో, అతని ముఖం రెండూ చూసి గొట్టం చేతికిచ్చింది. "ఆపకుండా గట్టిగా ఊదు భయ్యా."

ఆ నెల కూడా పదహారు వేల ఎనిమిది వందలే వచ్చాయి. పక్కింటి కామమ్మ "అంతేనా!" అని మూతి విరిస్తే, పద్మిని కంటే ముందు ఎరుకమ్మ అందుకుంది.

"మా కోడలు సేసేది సగం డాక్టరు పని, యార్డోళ్ళిచ్చేది అటెండరు జీతం. సిగ్గు ఎవులికుండాలే, దానికా, ఆలకా?"

లోపల పద్మిని నర్సు జీతం కోసం కొత్త అర్జీ రాయడం మొదలుపెట్టింది.