ఉమ్ మన్సూర్ నోరు మూసుకున్న రోజు

మంగళవారం పొద్దున్నే ఉమ్ మన్సూర్ ఇంట్లో పండగ హడావిడి మొదలైంది. మన్సూర్ తల్లి కాబట్టి ఊరంతా ఆమెను అలాగే పిలుస్తుంది. నేలంతా నీళ్లు పోసి కడిగించింది. ఏడాదిలో పది నెలలు తాళంలో ఉండే అతిథుల గది తెరిచి, సోఫాల మీది దుప్పట్లు తీయించింది. రెండేళ్ల మనవడు యామెన్‌కి ఈద్ కోటు తొడిగి, కదిలితే నలుగుతుందని సోఫాలో కూర్చోబెట్టింది. ఆరోగ్య కేంద్రం నుంచి నిస్రీన్ వస్తోంది మరి. వారానికోసారి ఇంటికొచ్చి, పసిపిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించడం ఆమె ఉద్యోగం.

యామెన్‌కి ఇంకా మాట రాలేదు. "వాళ్ల నాన్న నాలుగేళ్లకు నోరు విప్పాడు, ఇప్పుడు ఆపమన్నా ఆపడు" అని ఉమ్ మన్సూర్ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది. లోపల మాత్రం పీచుపీచుమంటూనే ఉంది. బయటి మనిషి వచ్చి, వీడిలో ఏదో లోపముందని రాసుకుపోతే ఇర్బిద్ ఊళ్లో తలెత్తుకోవడం ఎలా? అందుకే గడిచిన రెండు వారాలూ నిస్రీన్ వాణ్ణి ఏదడిగినా జవాబు తనే చెప్పేసింది.

వంటింట్లో కాఫీ కాస్తున్న కోడలు అరీజ్ చివరికి అనేసింది.

"అత్తయ్యా, ఆవిడ వచ్చేది మన సోఫాలు చూడ్డానికి కాదు. ఇవాళ కూడా ఇలాగే చేస్తే, వచ్చే వారం నుంచి బాబుని మా అమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. నిస్రీన్ అక్కడికే వస్తుంది."

"మీ అమ్మ దగ్గరికా! నా మనవడికి మాటలు మీ అమ్మ నేర్పుతుందా? ఆవిడ మాట పక్కనున్న మనిషికే వినబడదు!"

"వినబడకపోవడమే ఇప్పుడు వాడికి మంచిది." అరీజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మనవడు లేని మంగళవారం ఉమ్ మన్సూర్ ఊహకే అందలేదు. ఏదో అనబోయేలోపు తలుపు చప్పుడైంది.

నిస్రీన్ వచ్చి సోఫా అంచున కూర్చుంది.

"యామెన్, ఎలా ఉన్నావు నాన్నా?"

"బాగున్నానంటున్నాడు," అంది ఉమ్ మన్సూర్.

"నీకేం కావాలి?"

"నీళ్లు కావాలట." అప్పటికే గ్లాసు వాడి నోటికి ఆనించేసింది.

అరీజ్ ఇచ్చిన యాలకుల కాఫీ నిస్రీన్ అందుకుంది కానీ తాగలేదు. కప్పు బల్ల మీద పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఉమ్ మన్సూర్ ముఖం పాలిపోయింది. వచ్చినవాళ్లు కాఫీ కింద పెట్టారంటే ఏదో అడగడానికే. ఆ కోరిక తీరిస్తేనే తాగుతారు. తాగకుండా లేచిపోయారంటే ఇంటి పరువు వీధిలో పడ్డట్టే.

"ఇదేంటమ్మా! పిల్లనడగడానికొచ్చిన పెద్దమనుషులు చేసే పని ఇది! మా ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలెవరూ లేరే!"

"పెళ్లికూతురొద్దు ఉమ్ మన్సూర్. రెండు గిన్నెలు, నాలుగు మూతలు కావాలి. పది నిమిషాలు మీరు నోరు తెరవకూడదు."

"గిన్నెలు ఎన్నైనా తీసుకో. పది నిమిషాలంటే మాత్రం... ఐదు చేసుకో తల్లీ."

"సరే, ఐదు."

"ఒప్పుకున్నాను, తాగు!"

నిస్రీన్ గటగటా తాగేసింది. కోటు విప్పి యామెన్‌ని నేల మీద దింపారు. వాడు మూతల మీద విరుచుకుపడ్డాడు. ఉమ్ మన్సూర్ తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒక మూత దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది. వాడు అలవాటుగా నానమ్మ వైపు వేలు చూపించాడు.

"ఏం కావాలో అడిగి, ఆగండి," అంది నిస్రీన్ అరీజ్‌తో.

"ఏం కావాలి నాన్నా?" అని అరీజ్ అడిగి, ఆగింది.

వాడు నానమ్మను చూశాడు. ఆమె కొంగును ఇంకాస్త గట్టిగా కొరికిపట్టింది. ఇక లాభం లేదనుకుని బోర్లా పడుకుని, సోఫా కింద చెయ్యి పెట్టి తంటాలు పడసాగాడు. మూత సగం బయటికొచ్చింది. ఆ కష్టం చూడలేక ఉమ్ మన్సూర్ వంగి చెయ్యి చాపింది.

వాడా చేతిని తోసేశాడు.

"వద్దు!"

ఇల్లంతా వినబడేలా అన్నాడు. అరీజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఉమ్ మన్సూర్ ఒక్క ఉదుటున బాల్కనీలోకి పరిగెత్తింది.

"ఉమ్ నిదాల్! విన్నావా? మా యామెన్ నన్ను వద్దన్నాడు!"

"అయ్యో, బాధపడకు వదినా, పసివాడు," అంది ఎదురింటావిడ.

"బాధెందుకే! నోరారా అన్నాడు!"

లోపలికొచ్చి కోడలి పక్కన నేల మీద చతికిలబడింది. కళ్లు ధారలు కడుతున్నాయి.

"వాడి మాటలన్నీ నేనే మాట్లాడేశానే అమ్మాయ్. వాడికంటూ ఒక్కటీ మిగల్చలేదు," అంది.

అరీజ్ ఆమె భుజం మీద తల వాల్చింది. యామెన్ మూత లాక్కున్నాడు, ఎవరి సాయమూ లేకుండా. ఉమ్ మన్సూర్ ముక్కు తుడుచుకుని నిస్రీన్ వైపు తిరిగింది.

"ఇందాక పది నిమిషాలు అడిగావు కదూ? పదే ఉంచు తల్లీ."